ఎల్లోరా దగ్గర కొన్న ఆ గులాబీ రాయి స్టిల్‌బైటేనా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

శిర్డీ వెళ్లిన తెలుగు కుటుంబాల్లో చాలామంది తిరుగు ప్రయాణంలో ఎల్లోరా, వీలైతే అజంతా కూడా చూసి వస్తారు. గుహల బయట రాళ్లు అమ్మేవారు కనిపిస్తారు. సగానికి పగిలిన నల్లరాయి, దాని గుండెలో తెల్లగానో లేత గులాబీగానో మెరిసే స్ఫటికాలు. బేరమాడి ఒకటి కొంటాం. ఇంటికి వచ్చాక అది అద్దాల బీరువాలో చేరుతుంది. చూసినవారు ఇదేమిటని అడిగితే "ఏదో స్ఫటికం" అంటాం.

ఆ "ఏదో"కు ఒక పేరు ఉంది, ఆ పేరును మీరే కనుక్కోవచ్చు. మహారాష్ట్ర నల్లరాళ్లలో దొరికే ఇలాంటి స్ఫటికాల్లో చాలావరకు జియోలైట్ అనే ఖనిజాల కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంలో మన చేతికి తరచుగా వచ్చేది స్టిల్‌బైట్. దాన్ని గుర్తుపట్టడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒక సాయంత్రం తీరిక, వంటింట్లో దొరికే నాలుగు వస్తువులు చాలు. కాకపోతే ఒక్క నియమం: రంగును నమ్మకండి. స్టిల్‌బైట్ తెల్లగా ఉండవచ్చు, లేత నారింజ రంగులో ఉండవచ్చు, గులాబీగా, గోధుమగా, అరుదుగా ఆకుపచ్చగా కూడా ఉండవచ్చు. రంగు ఒక్కటే చూసి పేరు పెట్టినవారు దాదాపు ఎప్పుడూ పొరబడతారు.

కావలసినవి: పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పాత రాగి నాణెం, ఉక్కు కత్తి, ఒక నిమ్మకాయ లేదా కాస్త వెనిగర్, వంటింటి డిజిటల్ త్రాసు, దారం, గాజు గ్లాసు. చివరి పరీక్షకు మాత్రం వేడికి తట్టుకునే చిన్న పరీక్షనాళిక, స్పిరిట్ దీపం, కళ్లను కాపాడే రక్షణ కళ్లద్దాలు కావాలి.

ముందు రాయి పుట్టిన ఊరు అడగండి

పరీక్షలన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది వదిలేసేది కూడా ఇదే. కొనేటప్పుడే అమ్మేవారిని "ఇది ఎక్కడ దొరికింది?" అని అడగండి. నాసిక్ అంటారా, జల్‌గావ్ అంటారా, పుణె పక్కన వాఘోలి అంటారా, ఏది చెబితే అది అక్కడే ఫోనులో రాసుకోండి. బావి తవ్వుతుంటే వచ్చిందా, కంకర క్వారీలో వచ్చిందా అని కూడా అడగండి. చెప్పింది తప్పు కావచ్చు. అయినా ఏమీ లేని దానికంటే అది మేలు, ఎందుకంటే ఒకసారి చేయి మారిన రాయికి ఊరు మళ్లీ తెలియదు.

తరువాత రాయిని తిప్పి వెనక వైపు చూడండి. స్ఫటికాలు అతుక్కున్న ఆ రాయి నల్లగానో బూడిద కలిసిన గోధుమ రంగులోనో ఉండి, రేణువులు కంటికి కనపడనంత సన్నగా, బరువుగా ఉంటే అది బసాల్ట్, అంటే గట్టిపడిన లావా. అందులో అక్కడక్కడ ఆవగింజంత, బఠాణీగింజంత తెల్లని మచ్చలు ఉంటే మరీ మంచిది. అవి ఒకప్పటి గాలి బుడగలు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పశ్చిమ భారతంలో లావా పొరలు పొరలుగా పొంగి పరుచుకుంది. ఇప్పటికి మిగిలిన దాని విస్తీర్ణమే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. లావా గట్టిపడుతున్నప్పుడు బయటికి పోలేకపోయిన వాయువు లోపల ఖాళీలు వదిలింది. మైసూరుపాకు విరిస్తే కనిపించే రంధ్రాలను తలచుకోండి. అలాంటి రంధ్రాల్లోకి తరువాత వేడి నీరు ఇంకింది. రాతిలోంచి సిలికా, అల్యూమినియం, కాల్షియం, సోడియం కరిగించి తెచ్చి, ఖాళీల గోడల మీద స్ఫటికాలుగా పేర్చింది. ఆ నీరు అగ్నిపర్వతమంత వేడిది కాదు. జియోలైట్లు పేరుకునేది సాధారణంగా 250 డిగ్రీల లోపు వేడిలోనే.

వెనక రాయి హైదరాబాద్ బండల్లా పెద్ద పెద్ద రేణువులతో, తెలుపు నలుపు గులాబీ కలగలిసి ఉంటే అది గ్రానైట్. అప్పుడు ఈ వ్యాసంలోని సగం విషయాలు మీ రాయికి వర్తించవు.

ఆకారం చూడండి, తొందరపడకండి

కిటికీ పక్కన కూర్చుని, భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, రాయిని మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. అద్దాన్ని రాయి దగ్గర పెట్టి మీరు దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు.

స్టిల్‌బైట్ ఒంటరి స్ఫటికంగా అరుదుగా కనిపిస్తుంది. పలుచని బద్దలు ఒకదాని పక్కన ఒకటి పెరిగి, నడుము దగ్గర బిగుసుకుని, రెండు చివరలా విచ్చుకుంటాయి. కోత కోసి నడుముకు బిగించి కట్టిన వరి పనను చూసినవారికి ఈ ఆకారం ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు. పైన వెన్నులు విచ్చుకుంటాయి, కింద మొదళ్లు విచ్చుకుంటాయి, మధ్యలో సన్నని నడుము. ఒక్కోసారి పనలో సగమే బయటికి కనిపిస్తుంది, మిగతా సగం రాతిలో ఉంటుంది. అప్పుడు అది విసనకర్రలా ఉంటుంది. ఆ విసనకర్ర అంచు దగ్గర విడివిడి బద్దల కొనలు వేరుగా కనిపిస్తున్నాయా అని చూడండి. ఈ పన ఆకారం కనిపించిందంటే మీ పని ముప్పాతిక వంతు అయినట్టే.

దీనికి అచ్చంగా తోబుట్టువులాంటిది హ్యూలండైట్. ఈ రెండింటినీ చాలాకాలం ఒకే పేరుతో పిలిచారు. 1822లో బ్రూక్ అనే ఖనిజ శాస్త్రవేత్త రెండూ వేరని చూపి, ఖనిజాలు సేకరించి అమ్మే జాన్ హెన్రీ హ్యూలండ్ పేరును రెండోదానికి పెట్టాడు. నిపుణులే అంతకాలం కలిపేశారంటే మనం తడబడటంలో వింత లేదు. తేడా నడుములో ఉంది. హ్యూలండైట్‌కు నడుము సన్నబడదు, పైగా లావెక్కుతుంది. మధ్యలో వెడల్పుగా, రెండు కొనల వైపు కుంచించుకుపోయే ఆకారం అది. పాశ్చాత్యులు దాన్ని శవపేటికతో పోలుస్తారు. నాకు మాత్రం మృదంగం గుర్తుకు వస్తుంది.

గాజును సానబట్టినట్టు తళతళలాడే ఘనాకారాలు, లేదా కొన తేలిన చతురస్రపు గోపురాలు కనిపిస్తే అది అపోఫిల్లైట్ అయి ఉంటుంది. పుణె పరిసరాల్లో లేత ఆకుపచ్చ అపోఫిల్లైట్ దొరుకుతుంది, దాని అందం చూసి తీరాలి. అయితే అమ్మేవారు అన్నిటినీ కలిపి జియోలైట్ అన్నా, అపోఫిల్లైట్ జియోలైట్ కాదు. దాని అణువుల అమరిక పొరలు పొరలుగా ఉంటుంది. జియోలైట్‌ది అన్ని వైపులా అల్లుకున్న జాలకం. కొంచెం వాలిన పెట్టెల్లా ఉండేవి చాబజైట్ కావచ్చు.

తెల్లని సూదుల గుత్తులైతే స్కోలెసైట్, మెసోలైట్, నాట్రోలైట్ అనే ముగ్గురిలో ఒకరు. ఈ ముగ్గురినీ ఇంట్లో కచ్చితంగా వేరు చేయలేము, దానికి ఎక్స్‌రే పరీక్ష కావాలి. చీటీ మీద "సూది జియోలైట్" అని రాసి ఊరుకోవడమే నిజాయితీ. అలాగే స్టిల్‌బైట్‌కు స్టెల్లరైట్ అనే దగ్గరి చుట్టం ఉంది. అనుమానం గట్టిగా ఉంటే అదీ ప్రయోగశాల పనే.

ముత్యపు చిప్ప మెరుపు

ఇప్పుడు రాయిని వెలుగులో అటూ ఇటూ తిప్పండి. స్టిల్‌బైట్ బద్దకు ఒక వైపు చదునైన ముఖం ఉంటుంది. ఆ ముఖం మీద మెరుపు గాజు మెరుపులా ఉండదు. ముత్యపు చిప్ప లోపలి వైపులా, లోతులోంచి వచ్చినట్టు మెత్తగా ఉంటుంది. మిగతా ముఖాలు గాజులా మెరుస్తాయి. ఈ ఖనిజానికి పేరు కూడా మెరవడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చింది.

ఆ మెరుపుకు కారణం ఉంది. స్టిల్‌బైట్ ఒకే ఒక దిశలో పొరగా చక్కగా చీలుతుంది. కంటికి కనపడని సన్నని పొరల మధ్య వెలుగు చిక్కుకుని తిరిగి వస్తుంది కాబట్టి ముత్యపు కాంతి. పెట్టెలో రాలిన చిన్న ముక్క ఉంటే భూతద్దంతో చూడండి, ఒక వైపు అభ్రకంలా చదునుగా విరిగి, మిగతా వైపుల గరుకుగా ఉంటుంది. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ అనే ఖనిజం అయితే మూడు దిశల్లో చీలి, వాలుగా నొక్కిన చిన్న పెట్టెల్లా రాలుతుంది. పలుగురాయికి చీలే గుణమే లేదు, గాజు సీసా పగిలినట్టు వంపులు తిరిగి పగులుతుంది.

ఒక చిక్కు చెప్పాలి. హ్యూలండైట్‌కు కూడా ఒకే దిశలో చీలిక, అదే ముత్యపు మెరుపు ఉంటాయి. అపోఫిల్లైట్‌కు కూడా పై ముఖం మీద ముత్యపు కాంతి వస్తుంది. అందుకే ఈ పరీక్ష కాల్సైట్‌ను, పలుగురాయిని పక్కకు తప్పించడానికి పనికొస్తుంది, తోబుట్టువులను విడదీయడానికి కాదు. వాళ్లను విడదీసేది ఆకారమే.

గీత, చుక్క

కాఠిన్య పరీక్షను రాయి ముందు వైపు చేయకండి. వెనకనో, విరిగిన అంచునో ఎంచుకోండి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద స్టిల్‌బైట్ కాఠిన్యం 3.5 నుంచి 4. గోరుతో గీత పడదు. రాగి నాణెంతోనూ పడదు. ఉక్కు కత్తి మొనతో సులువుగా పడుతుంది. గోరుతోనే గీత పడితే అది జిప్సం. కత్తికి లొంగకుండా, ఎదురు కత్తి లోహాన్నే తన మీద రాయించుకుంటే పలుగురాయి. గీసిన తరువాత వేలితో తుడిచి చూడటం మరవకండి, చాలాసార్లు మనం గీత అనుకున్నది నాణెం వదిలిన లోహపు మరక.

నిమ్మరసమో వెనిగరో ఒక్క చుక్క, అదీ గీసిన చోట వచ్చిన పొడి మీద వేయండి. భూతద్దంతో చూస్తే కాల్సైట్ అయితే సన్నని బుడగలు లేస్తాయి. స్టిల్‌బైట్ అయితే ఏమీ జరగదు. వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. బాత్రూము శుభ్రం చేసే ఆమ్లాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. అది స్టిల్‌బైట్‌ను మెల్లగా చెడగొట్టి మెరుపును చంపేస్తుంది. నేను మొదట్లో ఒక మంచి గుత్తిని తుప్పు మరక పోతుందని అలా ముంచాను. మరక పోయింది, దానితోపాటు ముత్యపు కాంతీ పోయింది. ఇప్పటికీ ఆ రాయిని చూస్తే బాధ కలుగుతుంది.

నీటిలో తూచడం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే ఇందులో అభిప్రాయానికి చోటు లేదు, అంకె వస్తుంది.

నల్లరాయి అంటుకోకుండా విడిగా ఉన్న స్ఫటికం ముక్క కావాలి. కనీసం 20 గ్రాములు ఉంటే మంచిది. అంత ముక్క లేకపోతే పరీక్ష మానేయండి. బీరువాలోని గుత్తిని ఇందుకోసం పగలగొట్టవద్దు. ముందు పొడిగా తూచి బరువు రాసుకోండి. గ్లాసులో మూడు వంతులు నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. ముక్కకు దారం కట్టి, నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అది అడుగునూ అంచునూ తాకకూడదు. ముక్కకు గాలి బుడగలు పట్టుకుని ఉంటే దారాన్ని కాస్త ఆడించి వదిలించండి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే ఆ ముక్క ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే విశిష్ట సాంద్రత, అంటే నీటికంటే ఆ ముక్క ఎన్ని రెట్లు బరువో, వస్తుంది.

ఉదాహరణకు పొడి బరువు 44 గ్రాములు అనుకుందాం. నీటిలో త్రాసు 20 చూపితే జవాబు 2.2. స్టిల్‌బైట్‌కు ఉండాల్సింది 2.12 నుంచి 2.22 మధ్య. అదే బరువున్న కాల్సైట్ అయితే త్రాసు 16 దగ్గర ఆగుతుంది, జవాబు 2.7 వస్తుంది. పలుగురాయికి 2.65. అపోఫిల్లైట్‌కు 2.35 చుట్టుపక్కల. స్టిల్‌బైట్ ఇంత తేలికగా ఎందుకుంది? దాని లోపల ఖాళీలు ఉన్నాయి కాబట్టి. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న జాలకంలో సన్నని దారులు ఉంటాయి. ఆ దారుల్లో కాల్షియం, సోడియం అయానులు, వాటి చుట్టూ నీటి అణువులు కూర్చుని ఉంటాయి. మీ చేతిలోని రాయి బరువులో దాదాపు 18 శాతం నీరే. 100 గ్రాముల స్టిల్‌బైట్‌లో 18 గ్రాముల నీరు, తడి అనేది చేతికి తెలియకుండా.

ఆ నీటిని కళ్లతో చూడటం

1756లో స్వీడన్ దేశపు ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ ఇలాంటి రాయినే ఊదుగొట్టంతో మంట ఊది వేడిచేశాడు. రాయి నురగలు కక్కుతూ పొంగింది. మరిగే రాయి అనే అర్థం వచ్చేలా రెండు గ్రీకు మాటలు కలిపి జియోలైట్ అని పేరు పెట్టాడు. మన కంసాలులు బంగారం పనిలో వాడే ఊదుగొట్టం, వెలిగారం చూసినవారికి ఆ దృశ్యం కొత్తది కాదు. మంట తగలగానే వెలిగారం ఉబ్బి పేలపిండిలా తెల్లబడుతుంది. అక్కడ కూడా బయటికి వచ్చేది లోపల దాగిన నీరే.

మీరు ఇలా చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. రాలిన పొట్టులోంచి బియ్యపు గింజంత ముక్క తీసుకుని, పూర్తిగా ఆరిన పరీక్షనాళికలో వేయండి. నాళికను పట్టకారుతో పట్టుకుని, నోరు మనుషుల వైపు లేకుండా వాల్చి, అడుగును స్పిరిట్ దీపం మీద మెల్లగా వేడిచేయండి. కొద్దిసేపట్లో ముక్క తెల్లబడి, పొరలు విప్పుకుంటూ ఉబ్బుతుంది. నాళిక పై భాగంలో, చల్లగా ఉన్న గాజు మీద, నీటి బిందువులు పేరుకుంటాయి. కోట్ల ఏళ్ల నాడు రాతి గర్భంలో పారిన నీటికి ఆ బిందువులు వారసులు. పిల్లలు ఉంటే దూరంగా కూర్చోబెట్టి చూపించండి. వాళ్లు మరచిపోరు.

బిందువులు వచ్చినంత మాత్రాన స్టిల్‌బైట్ అని తీర్మానించవద్దు. జిప్సం కూడా నీరిస్తుంది, కానీ దాన్ని గోరు పరీక్షలోనే పట్టేశారు. అపోఫిల్లైట్ కూడా నీరిస్తూ రేకులుగా ఊడుతుంది, దాని పేరుకు అర్థమే అది. స్కోలెసైట్ మంటలో పురుగులా మెలికలు తిరుగుతుంది, గ్రీకులో పురుగు అనే మాటే దాని పేరయింది. పలుగురాయి, కాల్సైట్, గాజు మాత్రం ఒక్క బిందువు కూడా ఇవ్వవు. ఏ ఒక్క పరీక్షా తీర్పు చెప్పదు. ఆకారం, మెరుపు, గీత, బరువు, నీరు ఒకే మాట చెప్పినప్పుడే పేరు రాయండి.

సందర్భం వచ్చింది కాబట్టి భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో రొయ్యలు పెంచే రైతులకు ఒక మాట. మీరు బస్తాల్లో కొని చల్లే జియోలైట్ పొడి కూడా ఈ కుటుంబానిదే. మంచి సరుకైతే అది క్లినోప్టిలోలైట్ అనే ఖనిజం, హ్యూలండైట్‌కు ఉన్న జాలకమే దానిదీ. సిలికా పాలు ఎక్కువ కావడం వల్ల హ్యూలండైట్ కూలిపోయే వేడిని కూడా అది తట్టుకుంటుంది. తన దారుల్లోని సోడియంను వదిలి నీటిలోని అమ్మోనియంను పట్టుకోవడం దాని పని. కానీ ఉప్పునీటిలో సోడియం విపరీతంగా ఉంటుంది కాబట్టి అదే ఆ దారులను ఆక్రమిస్తుంది, అమ్మోనియం పట్టే శక్తి బాగా తగ్గిపోతుంది. మంచినీటి చెరువులో చేసినంత మేలు ఉప్పునీటి చెరువులో చేయదు. బస్తా మీద రాతలు చూసి కాకుండా ఈ లెక్క చూసి ఖర్చు పెట్టండి.

రంగు వేసిందా, అతికించిందా

కొనేముందే చేయగల పరీక్షలు ఇవి. ముదురు ఊదా, మిఠాయి గులాబీ, చిలకపచ్చ రంగుల్లో ఉన్న గుత్తిని చూస్తే అనుమానించండి. తడి దూదితో వెనక అంచును రుద్దండి. ఇంట్లో అయితే గోళ్ల రంగు తీసే ద్రవంలో ముంచిన దూదితో రుద్దండి. దూదికి రంగు అంటితే సంగతి తేలిపోయింది. అంటకపోయినా భూతద్దంతో పగుళ్లు చూడండి. వేసిన రంగు పగుళ్లలో చిక్కగా, ముఖాల మీద పలుచగా ఉంటుంది.

నిజమైన నీలం ఒకటుంది. వాఘోలి క్వారీల్లో తెల్లని స్టిల్‌బైట్ మీద చిన్న చిన్న నీలి బంతుల్లా కూర్చునే కావన్‌సైట్. వనేడియం వల్ల వచ్చిన రంగు అది, ప్రపంచంలో బహు కొద్ది చోట్ల మాత్రమే దొరుకుతుంది. అందుకే ఊడిన బంతులను మళ్లీ తెల్లని రాతి మీద అతికించి అమ్మడమూ ఉంది. బంతి మొదలు దగ్గర జిగురు నిగనిగ, చుట్టూ పొడి చల్లిన జాడ కనిపిస్తాయేమో చూడండి. సూది మొన ఆనిస్తే జిగురు మెత్తగా దిగుతుంది.

స్వయంగా చూడాలనుకుంటే

పుణె, నాసిక్, జల్‌గావ్, ఛత్రపతి సంభాజీనగర్ (ఒకప్పటి ఔరంగాబాద్) ప్రాంతాల క్వారీలు, బావులు, రోడ్డు కోతలు ఈ స్ఫటికాలకు ప్రపంచ ప్రసిద్ధి. ఐస్‌లాండ్‌లోని టైగార్‌హోర్న్, ఫారో దీవులు, కెనడాలోని ఫండీ అఖాతం తీరం కూడా ఇలాంటి లావా నేలలే. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రం స్టిల్‌బైట్‌ను తన రాష్ట్ర ఖనిజంగా ప్రకటించుకుంది. షోలాపూర్, భివండీల్లో తరతరాలుగా స్థిరపడిన మన నేతకారుల కుటుంబాల కాళ్ల కింద ఉన్నదీ ఈ నల్లరాయే.

తెలుగు నేల మీద కూడా ఈ లావా ఉంది. వికారాబాద్, జహీరాబాద్, నారాయణఖేడ్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి చేల కింద దక్కన్ బసాల్ట్ అంచు కనిపిస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఇరువైపులా, కాతేరు వైపు, పంగిడి, గౌరీపట్నం క్వారీల వైపు ఉన్న నల్లరాయి కూడా ఆ కాలపుదే. పడమటి నుంచి సుమారు 1000 కిలోమీటర్లు నదీలోయల వెంట ప్రవహించి వచ్చిన లావా అని పరిశోధకులు దాన్ని వివరిస్తారు. ఇక్కడ పుణె స్ఫటికాల పరిమాణాన్ని ఆశించి వెళ్లకండి. బుడగల్లో ఇమిడిన తెల్లని పూరకాలను, ఆ లావా చరిత్రను చూడటానికి వెళ్లండి.

క్వారీలో ఎక్కడ చూడాలి? లావా పొర మధ్య భాగం గట్టిగా, ఖాళీలు లేకుండా ఉంటుంది, కంకరకు పనికొచ్చేది అదే. వాయువు పైకి లేస్తుంది కాబట్టి బుడగలు పొర పై భాగంలో గుమిగూడతాయి. రెండు లావా పొరల మధ్య చాలాచోట్ల ఇటుక రంగు మట్టి పట్టీ కనిపిస్తుంది. దాని కిందనే, చిల్లులు పడ్డ గోధుమ రంగు రాయిలో వెతకండి. ఒక ఖాళీ దొరికితే వెంటనే ఉలి ఎత్తకండి. ముందు ఫోటో తీయండి. గోడకు ఆనుకుని ఏముంది, దాని మీద ఏముంది, అన్నిటికంటే పైన ఏముందో చూడండి. గోడకు తరచుగా పచ్చని మట్టి పూత, దాని మీద హ్యూలండైట్, ఆపైన స్టిల్‌బైట్, చివరగా అపోఫిల్లైట్ లేదా కాల్సైట్ కనిపిస్తాయి. వరుస మారిన చోట్లూ ఉన్నాయి. ముందు పేరుకున్నది కింద, తరువాత వచ్చింది పైన. రాయిని పెరికిన క్షణంలో ఆ వరుస చెరిగిపోతుంది.

క్వారీ యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. గోడ కింద నిలబడకండి, పేలుడు పెట్టిన రోజు అసలే వద్దు. గుహాలయాల గోడల్లో, రక్షిత అడవుల్లో కనిపించే స్ఫటికాలను కళ్లతో మాత్రమే చూడండి.

దుమ్ము గురించి గట్టిగా చెప్పాలి. సూదుల్లాంటి, పీచులాంటి జియోలైట్లను పొడిగా గీకవద్దు, రంపంతో కోయవద్దు. ఎరియోనైట్ అనే పీచు జియోలైట్ ఊపిరితిత్తుల పొరకు క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. టర్కీలోని కప్పడోషియా ప్రాంతపు కరైన్, తుజ్‌కోయ్ లాంటి గ్రామాలు దాని వల్ల తీవ్రంగా నష్టపోయాయి. స్టిల్‌బైట్ అలాంటిది కాదు, కానీ పీచు దేనిదో కంటితో తేల్చలేము. తడిపి పనిచేయండి, మూతికి మంచి మాస్కు పెట్టుకోండి.

కడగడం, దాచడం, చీటీ రాయడం

మామూలు నీళ్లు, ఒక చుక్క సబ్బు ద్రవం, మెత్తని పళ్ల బ్రష్ చాలు. వేడి నీళ్లు వద్దు. ఎండలో ఆరబెట్టడం వద్దు, నీడన గుడ్డ మీద పెట్టండి. దేవుడి గదిలో పెట్టుకునేవారు దీపం సెగకు దూరంగా పెట్టండి, సెగకు పొరలు విడిపోవచ్చు. తెల్లగా ఉండి, గాలికి తనంతట తానే పిండిలా రాలే స్ఫటికం ఉంటే అది లామోంటైట్ కావచ్చు. పొడి గాలిలో నీటిని కోల్పోవడమే దాని జబ్బు. దాన్ని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి.

ప్రయాణంలో సంచిలో ఊరికే వేసుకుంటే ఆ పన ఆకారం బస్సు కుదుపులకే రాలుతుంది. స్టీలు టిఫిన్ డబ్బా అడుగున మెత్తని గుడ్డ పరిచి, స్ఫటికాల ముఖానికి ఏదీ తగలకుండా రాయిని వెనక వైపు నుంచి గుడ్డతో బిగించండి. ముఖం మీద దూది పెట్టకండి. పోగులు బద్దల మధ్య చిక్కుకుని, తీసేటప్పుడు కొనలను విరుస్తాయి.

ఇక చీటీ. వెనక వైపు నల్లరాతి మీద చిన్న చుక్క తెల్ల రంగు వేసి, ఆరాక దాని మీద సంఖ్య రాయండి. అదే సంఖ్యతో నోటుపుస్తకంలో ఒక పుట కేటాయించండి. నా పుస్తకంలో మొదటి పుట ఇలా ఉంది: "1. స్టిల్‌బైట్, లేత నారింజ రంగు, పన ఆకారం. కింద హ్యూలండైట్, పచ్చని పూత. బసాల్ట్ మీద. గోరుకు, రాగికి గీత పడలేదు, కత్తికి పడింది. విశిష్ట సాంద్రత 2.2. వేడికి ఉబ్బింది, నీరిచ్చింది. అమ్మినతను చెప్పిన ఊరు: నాసిక్ దగ్గర బావి. నేను సరిచూడలేదు."